షోరూం ధర చీటీలో కనిపించని సంగతులు

1983 డిసెంబరు 14న అప్పటి ప్రధాని ఇందిరా గాంధీ మొట్టమొదటి మారుతి 800 తాళాలను హర్‌పాల్ సింగ్ అనే విమానయాన సంస్థ ఉద్యోగి చేతిలో పెట్టారు. ఆ రోజు దాని ధర సుమారు 47,500 రూపాయలు. ఇంట్లో ఉన్న ఫియట్‌ను అమ్మి ఆయన ఆ కారు కొన్నారు. 2010లో కన్నుమూసేదాకా దాన్ని వదులుకోలేదు. ఒక జీతగాడు ఒకే కారును పాతికేళ్లకు పైగా ఉంచుకున్నాడన్నమాట. ఈ రోజు హైటెక్ సిటీలోనో విశాఖలోనో మొదటి ఉద్యోగంలో చేరి, రెండేళ్లు తిరక్కుండానే షోరూం మెట్లెక్కుతున్న పిల్లలు అంతకాలం ఉంచుకోకపోవచ్చు. కానీ నమ్మకమైన కారంటే ఇంజను ఒక్కటే కాదు. దాని అప్పు, దాని కాగితాలు, దాని బీమా కూడా నమ్మకంగా ఉండాలి. ధర చీటీలో పెద్ద అక్షరాలతో కనిపించని సంగతులు కొన్ని ఇవి.

చిన్న సెడాన్ల డిక్కీ ఎవరో కత్తిరించినట్టు ఎందుకుంటుందో తెలుసా? 2006 కేంద్ర బడ్జెట్ చిన్న కార్ల మీద ఎక్సైజ్ సుంకాన్ని 24 నుంచి 16 శాతానికి తగ్గించింది. చిన్న కారు అనిపించుకోవాలంటే పొడవు 4 మీటర్లు దాటకూడదు. దాంతో 2008లో టాటా ఇండిగో సీఎస్ తోక కుదించుకుని వచ్చింది. మొదట 4 మీటర్లు దాటి ఉన్న స్విఫ్ట్ డిజైర్ కూడా 2012లో 3,995 మిల్లీమీటర్లకు దిగింది. పెనుకొండ దగ్గర ఎర్రమంచి ఫ్యాక్టరీలో తయారయ్యే కియా సోనెట్ పొడవు కూడా సరిగ్గా అంతే. ఆ గీత నేటికీ చెరగలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి 4 మీటర్ల లోపు, 1200 సీసీ లోపు పెట్రోలు కార్లకు జీఎస్టీ 18 శాతం. డీజిలు అయితే 1500 సీసీ దాకా అదే రేటు. ఈ కొలతలు దాటితే 40 శాతం, ఎలక్ట్రిక్ కార్లకు 5 శాతం. ఒక జానెడు పొడవు పెరిగితే పన్ను రెట్టింపు కంటే ఎక్కువవుతుంది. మొదటి కారు కొనేవాళ్లు ఆ జానెడు తమకు నిజంగా అవసరమా అని టేపు పట్టుకుని ఆలోచించడం మంచిది.

ఇక అప్పు సంగతి. దీని దగ్గర కాస్త ఆగాలి. 8 లక్షల రూపాయలు 9 శాతం వడ్డీకి తీసుకుంటే అయిదేళ్లకు ఈఎంఐ సుమారు 16,607 రూపాయలు. ఏడేళ్లకు సాగదీస్తే 12,871కి దిగుతుంది. నెలకు మూడు వేల ఏడు వందలు మిగిలినట్టే కనిపిస్తుంది. మొత్తం లెక్క వేస్తే అయిదేళ్లలో కట్టే వడ్డీ 1.96 లక్షలు, ఏడేళ్లలో కట్టేది 2.81 లక్షలు. రెండిటి తేడా దాదాపు 85 వేలు. ఆ డబ్బుతో మామూలు హ్యాచ్‌బ్యాక్‌కు చాలా ఏళ్ల సర్వీసింగు, ఒక సెట్టు టైర్లు వస్తాయి.

ఇందులో ఇంకో చిక్కుంది. ఏడేళ్ల అప్పులో మూడేళ్లు క్రమం తప్పకుండా కట్టినా ఇంకా 5.17 లక్షల బాకీ ఉంటుంది. అదే కారు ఎక్స్‌షోరూం ధర 8.5 లక్షలు అనుకోండి. మూడేళ్లు నిండిన కారు విలువలో బీమా పట్టిక ప్రకారం 40 శాతం తరుగు తీస్తారు. మిగిలేది 5.10 లక్షలు. ఆ సమయంలో కారు దొంగల పాలైతే బీమా కంపెనీ ఇచ్చే సొమ్ము అప్పు తీర్చడానికే చాలదు. కారూ లేదు, బాకీ మాత్రం ఉంది. ఇది భయపెట్టడానికి చెప్పే మాట కాదు, కూడికలూ తీసివేతలూ చెప్పే మాట. అయిదేళ్ల ఈఎంఐ కట్టడం భారమనిపిస్తే కారు ఒక మెట్టు తగ్గించుకోవాలి గానీ అప్పును ఏడేళ్లకు పొడిగించకూడదని నా గట్టి అభిప్రాయం.

'ఏడు శాతమే సార్' అని ఎవరైనా అంటే వెంటనే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఫ్లాటా, రెడ్యూసింగా? 8 లక్షలకు ఫ్లాట్ 7 శాతం అంటే అయిదేళ్లూ మొత్తం అసలు మీదే వడ్డీ లెక్కగడతారు. ఈఎంఐ 18,000 అవుతుంది. తగ్గుతున్న బాకీ మీద లెక్కేస్తే అది దాదాపు 12.5 శాతం వడ్డీతో సమానం. ఈ తికమకకు రిజర్వు బ్యాంకు ఒక మందు ఇచ్చింది. 2024 అక్టోబరు 1 నుంచి ప్రతి రిటైల్ అప్పుకూ 'కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్' అనే కాగితం ఇచ్చి తీరాలి. ప్రాసెసింగ్ ఫీజు లాంటివన్నీ కలిపి ఏడాదికి అసలు ఖర్చు ఎంత శాతమో అందులో ఒకే అంకెగా ఉంటుంది. రెండు బ్యాంకుల కాగితాలు పక్కపక్కన పెట్టి చూడాల్సింది ఆ అంకెనే. వడ్డీ ఫిక్స్‌డ్ అయితే ముందే తీర్చేయాలనుకున్నప్పుడు ఛార్జీ పడొచ్చు. అదెంతో కూడా అందులోనే వెతకండి.

అప్పు తీరిపోయిన రోజున చాలామంది పని అయిపోయిందనుకుంటారు. ఆర్‌సీ మీద బ్యాంకు పేరు అలాగే ఉంటుంది. బ్యాంకు ఇచ్చిన ఎన్‌ఓసీ, ఫారం 35 రవాణా శాఖకు ఇచ్చి ఆ హైపోథికేషన్ తీయించుకోవాలి. లేకపోతే అమ్మేటప్పుడు బేరం అక్కడే ఆగిపోతుంది.

కారు ధర 10 లక్షలు దాటితే డీలరు 1 శాతం టీసీఎస్ వసూలు చేస్తాడు. ఇది ఖర్చు కాదు, మీ పేరున ముందే జమ అయిన ఆదాయపు పన్ను. 12 లక్షల కారుకు 12 వేలు. రిటర్ను వేసేటప్పుడు ఫారం 26ఏఎస్‌లో అది కనిపిస్తుంది. కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవచ్చు, ఎక్కువైతే వాపసు తీసుకోవచ్చు. జీతం మీద పన్ను కంపెనీయే కోస్తోంది కదా అని ఊరుకున్నవాళ్లు దీన్ని వదిలేసుకుంటున్నారు.

ఇక భద్రత సంగతి. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ మన దగ్గర బాగా అమ్ముడుపోయే అయిదు చిన్న కార్లను గంటకు 64 కిలోమీటర్ల వేగంతో అడ్డు మీదికి కొట్టించి చూసింది. పెద్దల రక్షణలో అయిదింటికీ సున్నా నక్షత్రాలే. వాటిలో ఫోక్స్‌వ్యాగన్ పోలో ఒకటి. అదే పోలోను రెండు ఎయిర్‌బ్యాగులు పెట్టి మళ్లీ పరీక్షిస్తే 4 నక్షత్రాలు వచ్చాయి. అంటే లోపం పోలో చట్రంలో కాదు, బేస్ మోడల్‌లో మిగుల్చుకున్న డబ్బులో ఉంది. తర్వాత నాలుగేళ్లకు, 2018 డిసెంబరులో, టాటా నెక్సాన్ 5 నక్షత్రాలు తెచ్చుకున్న తొలి భారతీయ కారైంది. 2023 అక్టోబరు నుంచి భారత్ ఎన్‌క్యాప్ ఇక్కడే నడుస్తోంది. అయితే ఈ పరీక్షకు కారును పంపడం కంపెనీ ఇష్టం, తప్పనిసరి కాదు. పెద్దలకూ పిల్లలకూ నక్షత్రాలు వేరువేరుగా ఇస్తారు. ఫలానా కారుకు 5 నక్షత్రాలు అని వినగానే సరిపోదు, మీరు కొంటున్న వేరియంట్‌కు అవి వర్తిస్తాయో లేదో కనుక్కోండి. సన్‌రూఫ్‌కూ మరో రెండు ఎయిర్‌బ్యాగులకూ మధ్య ఎంచుకోవాల్సి వస్తే రెండో ఆలోచన అక్కర్లేదు.

బీమా డీలరు దగ్గరే చేయించాలన్న నిబంధన ఏదీ లేదు. బయట కోట్ తెచ్చి చూపిస్తే షోరూంలో ప్రీమియం తగ్గడం మామూలే. సుప్రీంకోర్టు ఆదేశంతో 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి తీసుకోవడం తప్పనిసరైంది. సొంత కారు నష్టానికి చేసే బీమాకు ఆ నియమం లేదు, దాన్ని ఏటా మార్చుకోవచ్చు. క్లెయిమ్ చేయని ఏడాదికి వచ్చే నో క్లెయిమ్ బోనస్ 20 శాతంతో మొదలై అయిదేళ్లకు 50 శాతానికి చేరుతుంది. ఆ బోనస్ కారుది కాదు, మనిషిది. పాత కారు అమ్మినా కొత్త కారుకు తెచ్చుకోవచ్చు. బంపరు గీతకు మూడు వేల క్లెయిమ్ పెట్టేముందు ఎంత బోనస్ పోతుందో చూసుకోవాలి.

2020 అక్టోబరులో హైదరాబాద్ కాలనీలూ, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు వీధులూ మునిగినప్పుడు నీళ్లలో నిలిచిన కార్లను ఎన్నింటినో చూశాం. అలాంటప్పుడు చేయకూడనిది తాళం తిప్పడం. గాలి వెళ్లాల్సిన దారిలో సిలిండర్లలోకి నీరు చేరి ఉంటే పిస్టన్ పైకి లేస్తుంది, నీరు మాత్రం నలగదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. స్టార్ట్ చేయడం వల్ల పాడైందన్న కారణంతో మామూలు పాలసీలో ఆ ఇంజను క్లెయిమ్ తిరస్కరించే అవకాశం ఉంది. దీనికోసమే ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ ఉంది. చెరువుల పక్కన వెలసిన అపార్ట్‌మెంట్లలో, సెల్లార్ పార్కింగుల్లో ఉండేవాళ్లకు ఇది అనవసర ఖర్చు కాదు.

మునిగిన కార్లు శుభ్రంగా తుడుచుకుని సెకండ్ హ్యాండ్ మార్కెట్‌కు వస్తాయి. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి. అడుగు భాగంలో బురద గీత చాలాసార్లు అక్కడే మిగిలిపోతుంది. సీటు కింది బోల్టుల తుప్పు, కార్పెట్ కింద ముక్క వాసన కూడా చూడాలి. టైరు పక్కన అండాకారపు గీతలో చివరి నాలుగు అంకెలు అది పుట్టిన వారం, సంవత్సరం. 2321 అంటే 2021లో 23వ వారం. మీటరు 20 వేల కిలోమీటర్లే చూపిస్తూ నాలుగు టైర్లూ కారుకంటే మూడేళ్లు చిన్నవైతే మీటరును నమ్మకండి. స్టెప్నీ తేదీ సాధారణంగా కారు అసలు వయసు చెబుతుంది. ఛాసిస్ నంబరులో 17 అంకెలూ అక్షరాలూ ఉంటాయి. ఒకటితోనూ సున్నాతోనూ కలగలిసిపోతాయని ఐ, ఓ, క్యూ అక్షరాలను అందులో వాడరు. ఆర్‌సీలోని నంబరునూ కారు మీద చెక్కిన నంబరునూ ఒక్కో అక్షరం పోల్చి చూడాలి.

ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిలు కార్ల మీద ఆంక్షలు వచ్చాక చాలా కార్లు చవగ్గా మన వైపు దిగాయి. ధర చూసి మురిసిపోకుండా అక్కడి ఎన్‌ఓసీ ఉందో లేదో చూడాలి. ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టి నంబరు మార్చుకోవాలన్నదీ ధరలో కలుపుకోవాలి.

అమ్మేవాళ్లకు ఇంతకంటే ముఖ్యమైనది 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో కారు చేతులు మారినా ఆర్‌సీలో పేరు మారకపోతే ప్రమాద పరిహారానికి రికార్డుల్లో ఉన్న యజమానే బాధ్యుడని కోర్టు తేల్చింది. అందుకే తాళాలు ఇచ్చిన రోజే ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు అయిపోవాలి. అమ్మినవాళ్లు అదే రాష్ట్రంలో అయితే 14 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలి. కొన్నవాళ్లు 30 రోజుల్లో పేరు మార్పించుకోవాలి, బీమాను తమ పేరుకు మార్చమని 14 రోజుల్లో కంపెనీకి దరఖాస్తు పెట్టుకోవాలి.