కట్టెల్లో కాపురాలు

గుత్తి కలప యార్డులో దొరికిన నీలి సాలీడు మొదలు, పెరట్లో కట్టెల కుప్ప కింద పడుకున్న కట్లపాము దాకా... మనం పొయ్యిలోకి తెచ్చుకునే ప్రతి పేడు వెనకా ఒక ఇల్లు ఉంది.

పందొమ్మిదో శతాబ్దం చివర్లో, అనంతపురం జిల్లా గుత్తిలోని రైల్వే కలప యార్డులో ఒక సాలీడు దొరికింది. కాళ్లు చాపితే మనిషి అరచేతిని మించిపోయే జాతి అది. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో పనిచేస్తున్న రెజినాల్డ్ ఇన్నెస్ పోకాక్ దాన్ని పరీక్షించి, అప్పటిదాకా ఎవరూ వర్ణించని జాతి అని తేల్చాడు. 1899లో దానికి పొయెసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టాడు. నెమలి మెడ నీలం, కాళ్ల మీద పసుపు మచ్చలు, ఒంటి మీద ముగ్గు గీసినట్టు తెల్లటి గీతలు.

ఆ తర్వాత నూరేళ్లు దాటినా దాని జాడ లేదు. ఉండదు కూడా, ఎందుకంటే అది గుత్తిది కాదు. 2001లో నంద్యాలకూ గిద్దలూరుకూ మధ్య అడవిలో మళ్లీ కనబడింది. గుత్తికి అది దాదాపు వంద కిలోమీటర్ల దూరం. గుంటూరు–గుంతకల్లు రైలు మార్గం ఆ అడవి లోంచే, దిగువమెట్ట, చలమ, గాజులపల్లె స్టేషన్ల మీదుగా పోతుంది. నల్లమలలో నరికిన దుంగ రైలెక్కినప్పుడు, దాని తొర్రలో కాపురమున్న సాలీడూ దానితోపాటే ప్రయాణం చేసి గుత్తిలో దిగి ఉంటుందని శాస్త్రజ్ఞుల అంచనా.

నాకు ఈ కథ మీద ఇంత మమకారం ఎందుకంటే, మన పెరట్లో కట్టెల కుప్ప దగ్గర రోజూ జరిగేది ఇదే. చెట్టు పడిపోయినంత మాత్రాన అది ఇల్లు కావడం మానదు. నరికి, ఎండబెట్టి, మోపు కట్టి, నెత్తిన పెట్టుకుని తెచ్చాక కూడా అందులో ఎవరో ఒకరు ఉంటూనే ఉంటారు. పాతవాళ్లు పోతే కొత్తవాళ్లు చేరతారు.

గ్యాస్ వచ్చాక కట్టెలెక్కడివి అని పట్నంలో ఉన్నవాళ్లు అడుగుతారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో, దేశంలోని పల్లె ఇళ్లలో వంటకు గ్యాసు, కరెంటు లాంటి శుభ్రమైన ఇంధనం వాడేవి 43 శాతమే. తెలుగు పల్లెల పరిస్థితి అంతకన్నా మెరుగు. అయినా సిలిండరు ఉన్న ఇంట్లో కూడా స్నానాలకు నీళ్లు కాగేది, పెళ్లికి అన్నం వండేది, పశువులకు ఉలవలు ఉడికేది కట్టెల మీదే. కందికట్టె, పత్తికట్టె, మిరపకట్టె, సర్కారు తుమ్మ మొద్దులు ఏ ఊళ్లోనైనా గోడ వారగా కనిపిస్తాయి.

పుచ్చు నుంచి పాము దాకా

ఎండు కట్టెకు ముందుగా పట్టేది పుచ్చు. పేడు కింద జల్లించిన పిండిలా లేత పసుపు పొడి రాలి ఉంటే అది దాని పనే. కట్టె మీద గుండుసూది తలంత బెజ్జాలు చూసి పురుగు లోపలికి వెళ్లిన దారి అనుకుంటాం. నిజానికి అది బయటికి వచ్చిన దారి. తల్లి పురుగు కట్టెలోని సన్నటి రంధ్రాల్లో గుడ్లు పెట్టి పోతుంది. పిల్ల పురుగు నెలల తరబడి లోపలే ఉండి, కట్టెలోని పిండిపదార్థం తిని పెరిగి, రెక్కలు వచ్చాక బెజ్జం చేసుకుని ఎగిరిపోతుంది. వెదురు బొంగులను కొన్నాళ్లు చెరువులో నానేసి, ఆ తర్వాతే ఇంటి కప్పుకు వాడేవాళ్లు మన పెద్దలు. నీళ్లలో ఆ పిండి చాలావరకు పోతే పుచ్చుకు తిండి దొరకదు. పుస్తకం చదవకుండానే పట్టుకున్న కిటుకు అది.

నేలకు ఆనిన అడుగు వరసకు చెదలు పడుతుంది. వాన తడికి బెరడు మెత్తబడితే రోకలిబండలు వస్తాయి. ముట్టుకుంటే చుట్ట చుట్టుకునే ఈ వందల కాళ్ల జీవి కుళ్లిన ఆకూ బెరడూ తిని మట్టి చేస్తుంది, ఎవరినీ కుట్టదు. దాన్ని జెర్రి అనుకుని కొట్టి చంపేవాళ్లను చూస్తే బాధగా ఉంటుంది. రెంటికీ పోలికే లేదు. జెర్రి వేటగత్తె. ముందు కాళ్ల జతలో విషం పెట్టుకుని బొద్దింకల్నీ ఇలకోళ్లనీ పట్టుకుంటుంది. ఆ బొద్దింకల కోసమే పెద్ద గోడ సాలీడూ వస్తుంది. ఇది వల కట్టదు. ఒళ్లు పలకలా నొక్కుకుని బెరడు కింద దూరి, చీకటి పడ్డాక పరుగెత్తి వేటాడుతుంది. ఆడ సాలీడు గుడ్ల సంచిని తెల్లటి బిళ్లలా పొట్ట కింద పట్టుకుని తిరుగుతుంది. ఇది ఉన్న ఇంట్లో బొద్దింకలు తగ్గుతాయి. మనిషికి దీనివల్ల ప్రమాదం లేదు.

పురుగుల కోసం బల్లి, నలికిరి, కప్ప వస్తాయి. చలికీ పిల్లల్ని పెట్టడానికీ ఎలుక వస్తుంది. పాత గుడ్డ పీలికలు, కొబ్బరి పీచు, కంకుల పొట్టు లాక్కొచ్చి కుప్ప నడిమధ్యలో మెత్తటి గూడు కడుతుంది. కప్పనీ ఎలుకనీ బల్లినీ వెతుక్కుంటూ పాము వస్తుంది. పగబట్టి మన గడపకు వచ్చిన పాము ఒక్కటీ ఉండదు. అది తిండి ఉన్న చోటికి వచ్చింది.

తేలుకు కావలసింది ఇరుకు

కర్నూలు జిల్లా కోడుమూరులో కొండలరాయుడి గుడి ఉంది. శ్రావణ మాసంలో ఒక సోమవారం జనం కొండెక్కి, రాళ్లు లేపి తేళ్లు పట్టి స్వామికి సమర్పిస్తారు. రాయి లేపితే తేలు ఉంటుందని రాయలసీమ పిల్లలకు నడక వచ్చేనాటికే తెలుసు. వీపూ పొట్టా రెండూ తగిలేంత సన్నటి సందు దానికి కావాలి. రాతి కిందా, ఇటుకల దొంతరలోనూ, కట్టెల కుప్పలోనూ ఆ సందులకు కొదవ లేదు.

తేలు పిల్లలు తల్లి పొట్ట చీల్చుకుని పుడతాయనీ, తల్లినే తినేస్తాయనీ అంటారు. అది నిజం కాదు. తేలు పిల్లల్నే కంటుంది. అవి తల్లి వీపెక్కి, మొదటి కుబుసం విడిచేదాకా కొన్ని రోజులు అక్కడే ఉండి, తర్వాత దిగి ఎవరి దారిన అవి పోతాయి. వీపు నిండా తెల్లటి పిల్లలతో ఉన్న తల్లిని చూసినవాళ్లెవరో అవి తల్లిని తింటున్నాయని అనుకుని ఉంటారు.

పెద్ద నల్ల తేలును చూస్తే ఒళ్లు జలదరిస్తుంది కానీ, దాని బలమంతా లావుపాటి పట్టకార్లలోనే ఉంది. భయపడాల్సింది సన్నటి పట్టకార్ల చిన్న ఎర్ర తేలుకు. అది కుడితే చెమటలు పట్టి, వాంతులై, చేతులూ కాళ్లూ చల్లబడతాయి. గుండె మీద భారం పడి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. చిన్నపిల్లలకు ప్రాణం మీదికి వస్తుంది. ఒకప్పుడు డాక్టర్ల దగ్గర కూడా దీనికి దారి లేదు. మహారాష్ట్ర కొంకణ ప్రాంతంలోని మహాడ్ అనే చిన్న ఊళ్లో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ రాత్రింబవళ్లు రోగుల పక్కనే కూర్చుని గమనించి, రక్తపోటుకు వాడే ప్రజోసిన్ మాత్ర ఈ విషానికి అడ్డుకట్ట వేస్తుందని చూపించారు. దాంతో మరణాలు బాగా తగ్గాయి. 2022లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. ఆ మాత్ర ఖరీదైనదేమీ కాదు. సమయానికి ఆసుపత్రికి చేరితే చాలు. మంత్రం వేయించుకుంటూ గడిపే రెండు గంటలే పిల్లల ప్రాణం తీస్తున్నాయి.

పేరులో ఉన్నది కట్టు

కట్లపాము పేరులో ఉన్నవి కట్టెలు కావు, ఒంటి మీది తెల్లటి కట్లు. ఈ పాముకూ తెలుగుకూ ఉన్న చుట్టరికం చాలామందికి తెలియదు. 1781లో విశాఖపట్నం వచ్చిన స్కాట్లండ్ వైద్యుడు పాట్రిక్ రసెల్ కోరమాండల్ తీరపు పాముల్ని సేకరించి, 1796లో బొమ్మలతో పెద్ద పుస్తకం అచ్చువేయించాడు. ఇక్కడివాళ్లు చెప్పిన తెలుగు పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. రక్తపింజరకు ఆయన విన్న పేరు ‘కాటుక రేకుల పొడ’. పసుపూ నలుపూ పట్టీలున్న మరో పాముకు విన్న పేరు ‘బంగారు పాము’. 1803లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దౌదిన్ ఆ బంగారాన్నే పట్టుకుని ఆ ప్రజాతికి బంగారస్ అని పేరు పెట్టాడు. మన కట్లపాము కూడా ఆ ప్రజాతిలోదే: బంగారస్ సెరూలియస్. ఏ దేశంలో ఏ డాక్టరు ఆ పేరు రాసినా ఒక తెలుగు మాట రాసినట్టే.

పగలు కట్లపాము మందకొడిగా ఉంటుంది. కట్టెల అడుగున చుట్టుకుని పడుకుంటుంది. రాత్రి వేటకు బయలుదేరి, నేల మీద పడుకున్న మనిషి పక్కకు వస్తుంది. దాని కాటుకు వాపు ఉండదు, నొప్పీ అంతగా ఉండదు. చాలామందికి మెలకువ కూడా రాదు. తెల్లవారుజామున కడుపునొప్పితో లేస్తారు, రెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, తర్వాత ఊపిరి ఆడదు. ఇంట్లోవాళ్లు అజీర్తి అనుకుంటారు. రాత్రి నేల మీద పడుకున్న మనిషికి పొద్దున రెప్పలు వాలితే ఇంకేమీ ఆలోచించకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

2000 నుంచి 2019 దాకా దేశంలో పాముకాటుకు సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం లెక్కకట్టింది. ఏడాదికి సగటున 58 వేల మంది. మరణాలు ఎక్కువగా ఉన్న ఎనిమిది రాష్ట్రాల్లో తెలంగాణతో కలిపి లెక్కించిన ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ మరణాల్లో సగం జూన్ నుంచి సెప్టెంబరు మధ్యనే. చేలల్లో పనులు ముమ్మరంగా ఉండేదీ, బొరియల్లోకి నీళ్లు చేరేదీ అప్పుడే. సరిగ్గా అప్పుడే మనం తడవకూడదని కట్టెల్ని పెరట్లోంచి వసారాలోకి, వసారాలోంచి పొయ్యి పక్కకు చేరుస్తాం. కట్టెలతోపాటు లోపలికి ఏమొస్తున్నదో చూడం.

నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటి విషానికీ మన ఆసుపత్రుల్లో ఇచ్చే మందు ఒక్కటే. దాని తయారీకి కావలసిన విషంలో చాలాభాగం తమిళనాడులో ఇరుళ గిరిజనులు 1978లో పెట్టుకున్న సహకార సంఘం నుంచి వస్తుంది. తరతరాలుగా పాములు పట్టిన ఆ చేతుల మీద ఈ దేశపు రైతు ప్రాణం ఆధారపడి ఉంది. కాటు పడితే కట్టు బిగించవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు. కరిచిన కాలో చెయ్యో కదలనీయకుండా ఉంచి 108 పిలిపించాలి.

ఆరుద్ర పురుగు చుట్టం

కంటికి కనిపించే వాటి సంగతి అది. కుప్పలో కంటికి ఆననిది ఇంకోటి ఉంది. తొలకరికి తడి నేల మీద పాకే ఎర్ర ముఖమల్ లాంటి ఆరుద్ర పురుగును అరచేతిలో ఆడించుకున్నవాళ్లమే అందరం. దానికి దగ్గరి చుట్టమైన ఒక నల్లి ఎలుకలున్న పొదల్లోనూ, ఇలాంటి కుప్పల్లోనూ ఉంటుంది. దాని పిల్ల పురుగు నలుసంత ఉంటుంది, కుట్టినా తెలియదు. అదే స్క్రబ్ టైఫస్ జ్వరాన్ని ఎక్కిస్తుంది. చంకలోనో గజ్జల్లోనో బీడీతో చురక పెట్టినట్టు నల్లటి పక్కు కనిపిస్తుంది, నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ చూసుకోరు. ఉత్తరప్రదేశ్‌లో గోరఖ్‌పూర్ వైపు ఈ జ్వరం ఏ పిల్లలకు ఎక్కువగా వస్తున్నదో పరిశీలిస్తే, వాళ్ల ఇళ్లలో కట్టెలు నిల్వ ఉండడం ఒక కారణంగా తేలింది. తగ్గని జ్వరంతో వెళ్లినప్పుడు డాక్టరుకు ఆ పక్కు చూపించండి, కట్టెలు మోసిన సంగతి చెప్పండి. డాక్సీసైక్లిన్ అనే మామూలు మందుకు అది లొంగుతుంది. ఆలస్యం చేస్తేనే ఊపిరితిత్తుల మీదికి, మెదడు మీదికి పోతుంది.

కుప్పలోకి వెళ్లే చెయ్యి

వెలుగు రాకముందు ఆ కుప్పలోకి వెళ్లే చెయ్యి దాదాపు ఎప్పుడూ ఆడమనిషిదే. నాకు అన్నిటికన్నా కష్టంగా తోచేది ఇదే. దీపం ఉండదు, కాళ్లకు చెప్పులు ఉండవు, చంకలో బిడ్డ ఉంటుంది. పొలంలో మగవాడికి కరిస్తే పదిమంది పరుగెత్తుతారు. పెరట్లో చీకట్లో వేలికి ఏదో గుచ్చుకుంటే ‘ముల్లేమోలే’ అనుకుని ఆమె పొయ్యి రాజేస్తుంది.

మా అవ్వ కట్టె ముట్టుకునే ముందు పొడుగాటి కర్రతో కుప్పను నాలుగుసార్లు బాదేది. కాసేపు ఆగేది. తర్వాత పైనుంచి ఒక్కో కట్టె తీసేది, మధ్యలోంచి ఎన్నడూ లాగేది కాదు. ఎందుకవ్వా అంటే, “పండుకున్నోళ్లను లేపకుండా దుప్పటి గుంజుతామా, నాయనా?” అనేది. పాముకు గాలిలో మన అరుపు అంతగా అందదు గానీ నేల అదురు బాగా తెలుస్తుంది. దారి ఉంటే తప్పుకుంటుంది. అవ్వ కుప్ప ఇంటి గోడకు ఆనేది కాదు. రెండు మూరల ఎడంగా, మోకాలెత్తు బండల మీద, ఎండ తగిలేలా పేర్చేది. కింద ఖాళీ ఉంటే చెద ఎక్కదు, ఎలుక గూడు కట్టదు, చీపురు తిరుగుతుంది. ఇప్పుడైతే చేతిలో టార్చి ఉంటుంది, ఫోనులోనూ వెలుగు ఉంటుంది. మంచమూ దోమతెరా ఉన్న ఇంట్లో కట్లపాము కాటు చాలా అరుదు. వడ్ల బస్తాలూ కట్టెలూ ఒకే గదిలో పెట్టకపోతే ఎలుక బెడద సగం తగ్గుతుంది. కుప్ప మీద పురుగుమందు చల్లితే మాత్రం ఆ పొగ తిరిగి మన ముక్కులోకే వస్తుంది.

ఇక ఆ నీలి సాలీడు. అది ఉన్న అడవి వంద చదరపు కిలోమీటర్లు కూడా లేదు. ప్రకృతి పరిరక్షణ అంతర్జాతీయ సంఘం దాన్ని అంతరించిపోయే ముప్పు అత్యధికంగా ఉన్న జీవుల జాబితాలో 2008లో చేర్చింది. దాని నీలం రంగు పూత కాదు, ఒంటి వెంట్రుకల్లోని అతి సూక్ష్మమైన అమరిక వెలుగును విరిచి చూపే నీలం. దాన్ని గాజు పెట్టెల్లో పెంచుకునే విదేశీయుల నోట ‘గుత్తి’ అనే మన ఊరి పేరు రోజూ పలుకుతుంది. ఇక్కడ మాత్రం దాని ఇల్లు పోతోంది. అది కాపురముండేది ముసలి చెట్టు తొర్రలో. తొర్ర పడిన చెట్టు దూలానికీ పనికిరాదు, తలుపుకూ పనికిరాదు కాబట్టి, వంటచెరకుకే గదా అని మొదటి గొడ్డలి వేటు దాని మీదే పడుతుంది. మోపు అమ్ముకుంటే తప్ప పూట గడవని ఆడవాళ్లను నేను తప్పుపట్టలేను. వాళ్ల పొయ్యికి వేరే దారి చూపించకుండా ఆ అడవిని కాపాడతామనడం కుదిరే పని కాదు.

పోయిన వారం మా పెరట్లో నీళ్ల పొయ్యికి కట్టెలు తీస్తుంటే, తుమ్మ పేడు బెరడు కింద ఒక గోడ సాలీడు కనిపించింది. పొట్ట కింద తెల్లటి బిళ్ల. కదల్లేదు, కాళ్లు ఇంకా దగ్గరికి ముడుచుకుంది. పేడును తిరిగి అక్కడే పెట్టి, పక్క వరసలోంచి వేరే కట్టె తీసుకున్నాను. ఆ పేడు ఇంకా అక్కడే ఉంది.