గుమ్మంలోకి వచ్చిన కవరు

దీపాలు పెట్టే వేళ. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. గేటు చప్పుడైతే గరిటె చేత్తో పట్టుకునే వెళ్లి చూశాను. మా వీధి కుర్రాడే. చిన్నప్పుడు మా డాబా మీదికొచ్చి గాలిపటాలు ఎగరేసుకునేవాడు. ఇప్పుడు మెడలో పార్టీ కండువా, చేతిలో ఓటర్ల జాబితా, చంకలో సంచి. "అక్కా, మీ ఇంట్లో నాలుగు ఓట్లు కదా?" అన్నాడు. నేను అవుననీ కాదనీ అనకముందే మా నలుగురి పేర్ల పక్కనా టిక్కులు పెట్టేసి, తెల్ల కవరొకటి పిట్టగోడ మీద ఉంచి, "బావగారికి చెప్పండి" అంటూ పక్కింటికి వెళ్లిపోయాడు.

2024 మే నెలలో ఆంధ్రప్రదేశ్‌లో అసెంబ్లీకీ లోక్‌సభకూ కలిపి పోలింగు జరిగింది కదా, దానికి రెండు రోజుల ముందు సంగతిది.

బి.ఏ.లో పొలిటికల్ సైన్సు చదివినదాన్ని. లంచగొండి మంత్రుల మీద రెండు కథలు రాసి పారితోషికం కూడా పుచ్చుకున్నదాన్ని. అలాంటి నాకు ఆ పూట నోట మాట రాలేదు. వెనకనుంచి మా అత్తయ్యగారు, "అలా నిలబడిపోయావేం అమ్మాయ్? ఎవరైనా చూస్తారు, లోపలికి తే. పుచ్చుకుంటే ఏం పోయింది? ఓటు మనిష్టం. పెట్టె దగ్గర ఎవరు చూడొచ్చారు?" అన్నారు. (మిషన్లు వచ్చి ఇన్నేళ్లయినా ఆవిడకి అది పెట్టే.) కవర్లో ఆరువేలున్నాయి. ఓటుకి పదిహేను వందలన్నమాట. మర్నాడు రెండో పార్టీవాళ్లూ వచ్చారు. వాళ్ల కవరు కాస్త పల్చగా ఉంది. అదీ వద్దనలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, అయినా చెబుతున్నాను. మీ ఇంటికీ వచ్చే ఉంటుంది. రాలేదంటే మీరు అదృష్టవంతులు, లేదా మీ వీధి వాళ్ల లెక్కలో లేదు.

ఆ రాత్రి పాలవాడి లెక్క, ఇస్త్రీ లెక్క రాసుకునే పుస్తకంలోనే ఈ లెక్కా వేసి చూశాను. 2022లో పెంచిన పరిమితి ప్రకారం మన రాష్ట్రాల్లో అసెంబ్లీ అభ్యర్థి నలభై లక్షలు, లోక్‌సభ అభ్యర్థి 95 లక్షలు మించి ఖర్చు పెట్టకూడదు. మా నియోజకవర్గంలో రెండు లక్షల పైచిలుకు ఓటర్లున్నారు. నలభై లక్షల్ని అందరికీ పంచితే తలకి ఇరవై రూపాయలు కూడా పడదు. అందులోనే జెండాలు, జీపులు, మైకులు, కార్యకర్తల భోజనాలు. మరి నాకొచ్చిన పదిహేను వందలు ఏ పద్దు కింద రాసి ఉంటారు? ఎక్కడా రాయరు. సగంమందికే ఇచ్చారనుకున్నా పదిహేను కోట్లు! ఎమ్మెల్యేగారు ఐదేళ్ల జీతం పైసా ఖర్చు పెట్టకుండా కూడబెట్టినా దాని దరిదాపుల్లోకి రాదు.

మనం ఆడపిల్ల పెళ్లికి నాలుగు లక్షలు అప్పు చేస్తేనే అది తీరేదాకా కంటిమీద కునుకుండదు. పదిహేను కోట్లు గుమ్మరించినాయన ఊరికే కూర్చుంటాడా? సొంత డబ్బైతే రాబట్టుకోవాలి. కాంట్రాక్టరు పెట్టిందైతే ఆయనకి రోడ్డు పనో, ఇసుక రేవో, ఇంకోటో ఇప్పించాలి. పార్టీ పంపిందైతే పార్టీకి ఎవరిచ్చారో వాళ్ల మాట వినాలి. ఇంకో చిత్రం ఏమిటంటే, అభ్యర్థి ఖర్చుకే పరిమితి, పార్టీ ఖర్చుకి పరిమితే లేదు. వంటింటికి తాళం వేసి పెరటి తలుపు బార్లా తీసినట్టు!

డబ్బు లేనివాళ్లకి టిక్కెట్టు ఎవరిస్తారు అని మావారు ఎప్పుడూ అంటుంటారు. 2024లో దేశంలో లోక్‌సభకి పోటీ చేసినవాళ్లందరిలో ఎక్కువ ఆస్తి ప్రకటించింది గుంటూరు అభ్యర్థి. ఆ తర్వాతి స్థానం చేవెళ్ల అభ్యర్థిది. ఆస్తి ఉండటం తప్పనడం లేదు, వాళ్లు చట్టప్రకారం లెక్క చెప్పారు. కానీ ఊళ్లో ఇరవయ్యేళ్లుగా పిల్లలకి చదువు చెబుతూ అందరి కష్టసుఖాలూ చూసుకునే ఒక టీచరమ్మ పోటీ చేయాలనుకుంటే? ఆవిడ మెడలో గొలుసు అమ్మితే ఒక వీధి కవర్లకి చాలదు.

పెద్దవాళ్ల కవర్లు

మన గుమ్మంలోకి వచ్చేది చిన్న కవరు. పార్టీ ఆఫీసుల్లోకి వెళ్లే పెద్ద కవర్లు వేరే ఉన్నాయి. వాటికి 2018 జనవరిలో ఒక గౌరవమైన పేరు పెట్టారు, ఎలక్టోరల్ బాండ్లు అని. స్టేట్ బ్యాంకులో కొనుక్కోవాలి. వెయ్యి రూపాయల బాండు దగ్గర్నుంచి కోటి రూపాయల బాండు దాకా ఐదు రకాలు. కొన్నవాళ్లు నచ్చిన పార్టీకి ఇస్తారు, పార్టీ పదిహేను రోజుల్లోగా ఖాతాలో వేసుకోవాలి. ఇచ్చిందెవరో, ఎవరికిచ్చారో జనానికి తెలియదు. సామాన్యులు పార్టీలకి చందాలివ్వడానికి వీలుగా వెయ్యి రూపాయల బాండు పెట్టారనుకుంటాం కదా, అమ్ముడైన డబ్బులో తొంభై శాతానికి పైగా కోటి రూపాయల బాండ్లే.

దీనికి ముందు 2017లోనే మరో పని జరిగింది. అంతకుముందు కంపెనీలు గత మూడేళ్ల సగటు నికరలాభంలో ఏడున్నర శాతానికి మించి పార్టీలకివ్వకూడదు. ఆ హద్దు తీసేశారు. నష్టాల్లో ఉన్న కంపెనీ కూడా ఎన్ని కోట్లైనా ఇవ్వొచ్చు. ఏ పార్టీకిచ్చిందో తన లెక్కల్లో రాయక్కర్లేదు. ఆలోచించండి. ఇంట్లో బియ్యం నిండుకున్నవాడు పక్కవాళ్ల పెళ్లికి పట్టుచీర పెడుతున్నాడంటే, డబ్బు ఎక్కడిదీ, ఎందుకు పెడుతున్నాడూ అని మనం గుసగుసలాడుకోమూ? ఆ మాత్రం అడగడానికి వీల్లేకుండా చట్టమే చేశారు.

రిజర్వు బ్యాంకు, ఎన్నికల సంఘం ముందే అభ్యంతరాలు చెప్పాయి. కొన్ని సంస్థలు, సీపీఎం పార్టీ సుప్రీంకోర్టుకి వెళ్లాయి. 2024 ఫిబ్రవరి 15న ఐదుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఆ పథకాన్ని కొట్టేశారు. పార్టీలకి డబ్బెవరిస్తున్నారో తెలుసుకోవడం ఓటరు హక్కు అన్నారు. ఏడున్నర శాతం హద్దు మళ్లీ వచ్చింది. వివరాలివ్వడానికి జూన్ నెలాఖరు దాకా గడువు కావాలని బ్యాంకు అడిగితే, ఎన్నికలైపోయాక ఎందుకు అన్నట్టు కోర్టు ఒప్పుకోలేదు. మార్చిలోనే జాబితాలు బయటికొచ్చాయి.

ఆ జాబితా నేను టీవీలో చూస్తూ కంది పప్పులో రాళ్లేరుతున్నాను. 2019 ఏప్రిల్ నుంచి లెక్క. అందరికంటే ఎక్కువ బాండ్లు కొన్నది లాటరీ టిక్కెట్ల కంపెనీ ఫ్యూచర్ గేమింగ్, 1,368 కోట్లు! రెండోది మన హైదరాబాదు మేఘా ఇంజనీరింగ్, 966 కోట్లు. హైదరాబాదు మందుల కంపెనీలు కూడా కొన్ని ఉన్నాయి. అందుకున్న పార్టీల్లో బీజేపీకి ఆరువేల కోట్లకు పైగా, తృణమూల్‌కి పదహారు వందల కోట్లకు పైగా, కాంగ్రెస్‌కి పద్నాలుగు వందల కోట్లకు పైగా, బీఆర్ఎస్‌కి పన్నెండు వందల కోట్లకు పైగా వచ్చాయి. వైఎస్సార్ కాంగ్రెస్‌కీ, తెలుగుదేశానికీ కూడా వందల కోట్లలోనే. కమ్యూనిస్టు పార్టీలు మాత్రం మాకొద్దన్నాయి. జాబితాలో పేరున్నంత మాత్రాన తప్పు చేశారని నేననను. అనడానికి నాకేం తెలుసు? కానీ లాటరీ టిక్కెట్టు కొనేది ఎవరో నాకు తెలుసు. అత్తగారి ఆపరేషన్‌కి డబ్బు పుట్టక, కూతురి పెళ్లికి దారి దొరక్క, రోజుకూలీలో యాభై తీసి ఆశ కొనుక్కునేవాళ్లు. ఆ యాభైలన్నీ ఎక్కడికి ప్రయాణం చేస్తున్నాయో చూశారా?

పుచ్చుకుని ఓటేస్తే తప్పు లేదా?

"పుచ్చుకుందాం, ఓటు మనిష్టం" అన్నారు కదా మా అత్తయ్యగారు. ఇలాంటి తర్కమే ఒకప్పుడు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

1993 జులైలో పి.వి. నరసింహారావుగారి ప్రభుత్వం మీద అవిశ్వాస తీర్మానం వచ్చింది. 251కి 265 ఓట్లతో, అంటే పద్నాలుగు ఓట్ల తేడాతో గండం గడిచింది. ఆ తర్వాత, జార్ఖండ్ ముక్తి మోర్చా ఎంపీలు డబ్బు పుచ్చుకుని ఓటేశారని కేసయింది. పి.వి.గారికి 2000లో కింది కోర్టు శిక్ష వేసినా, 2002లో ఢిల్లీ హైకోర్టు నిర్దోషిగా తేల్చింది. నేను చెప్పేది డబ్బు పుచ్చుకున్నారన్న ఎంపీల సంగతి. 1998లో సుప్రీంకోర్టు ముగ్గురు ఇద్దరుగా చీలి ఒక తీర్పిచ్చింది. సభలో వేసిన ఓటు విషయంలో సభ్యుడి మీద కోర్టులో చర్య ఉండకూడదని రాజ్యాంగం చెబుతోంది కాబట్టి, లంచం పుచ్చుకుని ఓటేసినవాళ్లకి రక్షణ ఉందంది. అదే కేసులో పుచ్చుకున్నాడన్న ఆరోపణ ఉండీ ఓటెయ్యని సభ్యుడికి మాత్రం రక్షణ లేదు. అంటే మాట నిలబెట్టుకున్న లంచగొండి క్షేమం, మాట తప్పినవాడికి కేసు! ఇది నేను కథలో రాస్తే సంపాదకులు అతిశయోక్తి అని తిప్పి పంపేవారు.

ఇరవయ్యారేళ్లు పట్టింది ఆ తీర్పు మారడానికి. 2024 మార్చి 4న ఏడుగురు న్యాయమూర్తులు దాన్ని తోసిపుచ్చారు. లంచం పుచ్చుకున్న క్షణంలోనే నేరం పూర్తయిపోయిందనీ, ఆ తర్వాత ఓటేశాడా లేదా, ఎటు వేశాడు అన్నది అనవసరమనీ అన్నారు.

నేనీ మాట అత్తయ్యగారికి చదివి వినిపించాను. "అది ఎంపీలకి" అన్నారు. మనకీ వర్తించే చట్టం వేరే ఉందని, ఓటుకి డబ్బిచ్చినవాళ్లకీ పుచ్చుకున్నవాళ్లకీ ఏడాది దాకా జైలు పడొచ్చని చెప్పాను. "అయితే ఊరంతా జైల్లోనే ఉండాలి, వంటెవరు చేస్తారు?" అన్నారు. ఆవిడతో వాదించి గెలిచినవాళ్లు లేరు లెండి.

మా ఇంట్లో పనికొచ్చే అమ్మాయితో కూడా గెలవలేకపోయాను. నేను గొప్పగా, "నువ్వు ఈసారి తీసుకోకు" అనబోతే, అంట్లు తోముతున్నదల్లా ఆగి, "నాకూ మా ఆయనకీ కలిపి మూడువేలమ్మా. పిల్లాడి పుస్తకాలకి సరిపోయాయి. మీరు వద్దంటే వాళ్లకి పరువు. నేను వద్దంటే అవతలి పార్టీ మనిషిననుకుని రేషన్ దగ్గర్నుంచి అన్నిటికీ అడ్డు పడతారు" అంది. నాకున్న నాలుగు ఇంగ్లీషు పుస్తకాల్లో దీనికి జవాబు లేదు. 2021లో హుజూరాబాద్ ఉప ఎన్నికప్పుడు తమకి కవర్లు అందలేదని ఆడవాళ్లు రోడ్డెక్కితే టీవీలో చూసి నవ్వుకున్నాం. ఆ నవ్వు ఇప్పుడు తల్చుకుంటే బాగోలేదు.

అలాగని ఆడవాళ్లకి ఈ డబ్బు దారి తెలియదని కాదు. 1991, 92లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మా, ఆమెతోటి కూలి ఆడవాళ్లూ రాత్రిబడిలో చదువుకుంటూ ఏం చేశారో గుర్తుందా? మొగుడి కూలి సారా ప్యాకెట్లోకి, అది కాంట్రాక్టరు సంచిలోకి, అందులోంచి నాయకుల దాకా పోతోందని ఎవరూ పుస్తకంలో చూపించకుండానే పసిగట్టారు. దుకాణం మూయించి ఊరుకోలేదు, సారా వేలంపాటలే ఆపించారు. డబ్బు ఎక్కడ పుడుతుందో అక్కడే పట్టుకున్నారన్నమాట. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ తర్వాత 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో సడలిపోయింది, అది వేరే కథ. వాళ్లలో చాలామందికి సంతకం అప్పుడప్పుడే వచ్చింది. నాకు డిగ్రీ ఉంది.

నా డిగ్రీ సంగతి కిందటి వానాకాలం తేలింది. మా వీధి మురుగుకాలువ పొంగి, నీళ్లు గుమ్మాల్లోకి వచ్చాయి. మా ఎదురింటి పిన్నిగారికి చక్కెర జబ్బు, కాలికి పుండు. ఆవిడ ఆ నీళ్లల్లోనే దొడ్లోకి వెళ్లాల్సొచ్చేది. ఏడెనిమిదిమందిమి కలిసి అర్జీ రాసుకుని నాయకుడిగారి ఇంటికి వెళ్లాం. రాసింది నేనే, మంచి గ్రాంథికంగా. ఆయన లేరు. వరండాలో కూర్చున్నాయన అర్జీ చదవనైనా చదవకుండా వీధి పేరు అడిగి, ఫోనులో ఏదో చూసుకుని, "మీ వీధికి మొత్తం ముట్టింది కదమ్మా, ఎవరికైనా బాకీ ఉన్నామా?" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. పాలవాడు నెలాఖర్న లెక్క చూసుకుని చెల్లయిపోయిందన్నట్టు.

మాలో ఒక్కరం మాట్లాడలేదు. దారిలో పిన్నిగారి కోడలు ఒక్కతే, "కాలువకి ఎంతవుతుందో కనుక్కుని అది అడగాల్సింది అక్కయ్యా" అంది. ఇంటికొచ్చి లెక్క వేశాం. మా వీధికి ముట్టిన కవర్లన్నీ కలిపినా ఇరవై గజాల కాలువకి సరిపోతుందేమోనని మేస్త్రీ అన్నాడు. కాలువ పొడుగు రెండు వందల గజాలు.

మొన్న కార్తీకమాసంలో మా అమ్మాయికి పద్దెనిమిది నిండాయి. ఓటరుగా పేరు రాయించుకుంటానని తనే ఫారం నింపింది. ఆ వారంలోనే గేటు దగ్గర మళ్లీ మా వీధి కుర్రాడు. "అక్కా, పాప పేరు ఎక్కించారట కదా. ఇకనించి మీ ఇంట్లో ఐదు" అన్నాడు నవ్వుతూ. అత్తయ్యగారు తులసికోట దగ్గర ఒత్తులు వేస్తున్నవారు తలెత్తారు. "దాన్ని లెక్క రాయకు నాయనా" అన్నారు.

నేను నమ్మలేక ఆవిడ వంక చూశాను. ఆవిడ మళ్లీ ఒత్తుల్లో పడ్డారు.