72 గంటల్లో ఒక పజిల్ గేమ్ చేశాను.. అమ్మ ఫోన్‌లో మూడుసార్లు ఆగిపోయింది

గేమ్ జామ్ అంటే తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఒక థీమ్, ఒక గడువు ఇస్తారు. ఆలోపు గేమ్ చేసి అప్‌లోడ్ చేయాలి, అంతే. 2002లో మొదలైన లూడమ్ డేర్ ఇందులో పాతకాపు. ఇప్పుడైతే ఇచ్ డాట్ ఐవో సైట్‌లో ఎప్పుడు చూసినా ఏదో ఒక జామ్ నడుస్తూనే ఉంటుంది. ఈమధ్య నేనూ అలాంటి ఓ చిన్న జామ్‌లో చేరా. గడువు 72 గంటలు, థీమ్ 'లాక్డ్'.

థీమ్ చూడగానే అమ్మమ్మ చెక్క బీరువా గుర్తొచ్చింది. ఆ ఇల్లు రెండేళ్ల క్రితం అమ్మేశారు, ఇప్పుడక్కడ అపార్ట్‌మెంట్ ఉంది. ఇంటి ఫొటోలు నా దగ్గర నాలుగే ఉన్నాయి, వాటిల్లోనూ మా మొహాలే ఎక్కువ. సరే, గుర్తున్నంత వరకు గీద్దామనుకున్నా. హాలు, వంటిల్లు, పెరడు. తాళం చెవి వెతికి బీరువా తెరవాలి. 'మంకీ ఐలాండ్' తరహా పాయింట్ అండ్ క్లిక్ గేమ్ అన్నమాట, కాకపోతే ఐదు నిమిషాల్లో అయిపోయేది.

ఇంజిన్ గోడో 4. ఉచితం, ఓపెన్ సోర్స్, బ్రౌజర్‌లో ఆడేలా ఎక్స్‌పోర్ట్ చేయొచ్చు. కోడింగ్ పెద్ద పనేం కాదు. ప్రతి వస్తువు మీదా ఒక ఏరియా, దాన్ని క్లిక్ చేస్తే ఏం జరగాలో నాలుగు లైన్లు. శనివారం రాత్రికల్లా ల్యాప్‌టాప్‌లో గేమ్ మొత్తం ఆడేశా. ఇంకా రెండు రోజులు మిగిలాయని హాయిగా పడుకున్నా కూడా.

ఆదివారం లింక్ అమ్మకి పంపా. రెండు నిమిషాల్లో ఫోన్.

"ఏంట్రా ఇది, అక్షరాలు లేవు, అన్నీ డబ్బాలే!"

తెలుగులో గేమ్ చేసేవాళ్లు ఇది మాత్రం రాసిపెట్టుకోండి. గోడో 3లో తెలుగు వత్తులు, గుణింతాలు సరిగ్గా కలిసేవి కావు. 4లో ఆ సమస్య తీరింది. కానీ గోడోతో వచ్చే డీఫాల్ట్ ఫాంట్‌లో తెలుగు లేదు. ల్యాప్‌టాప్‌లో ఎలా కనిపించిందంటే, సిస్టమ్‌లో ఉన్న తెలుగు ఫాంట్‌ని అదే చూసి వాడేసుకుంది. వెబ్ ఎక్స్‌పోర్ట్‌కి ఆ సౌకర్యం లేదు. అందుకే నోటో శాన్స్ తెలుగు ఫాంట్ ఫైల్‌ని ప్రాజెక్ట్‌లోనే పెట్టి మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేశా. పావుగంట పని, కానీ ముందు తెలియకపోతే గడువు రోజు గుండె ఆగుతుంది.

రెండో సమస్య వేలు. మౌస్ పెడితే వస్తువు మెరిసేలా చేశా. ఫోన్‌లో మౌస్ ఎక్కడుంది? తాకితేనే తెలుస్తుంది అక్కడేదో ఉందని. పైగా నా తాళం చెవి బొమ్మ 720 పిక్సెళ్ల ఎత్తున్న సీన్‌లో 28 పిక్సెళ్లు. ఆరున్నర అంగుళాల ఫోన్‌ని అడ్డంగా పట్టుకుంటే అది రెండున్నర మిల్లీమీటర్లు! టచ్ చేసే చోటు కనీసం 48 డీపీ, అంటే సుమారు 9 మిల్లీమీటర్లు ఉండాలని గూగుల్ డిజైన్ సూచనల్లోనే ఉంది. బొమ్మని అలాగే ఉంచి, చుట్టూ కనిపించని టచ్ ఏరియాని 95 పిక్సెళ్లకు పెంచా. ఫోన్ రివ్యూల్లో డిస్‌ప్లే సైజ్ గురించి పేజీలు చదివే నాకు ఈ లెక్క ముందే తట్టలేదు.

ఇక అంతా అయిపోయిందనుకున్నా. సోమవారం సాయంత్రం, గడువు ఇంకా ఐదు గంటలుందనగా మళ్లీ అమ్మ.

"ఒరేయ్, బియ్యం డబ్బా తెరుచుకోవట్లేదేంటి?"

"అది ఉత్త బొమ్మమ్మా, నొక్కేది కాదు. తాళం చెవి క్యాలెండర్ వెనకాల ఉంది."

"క్యాలెండర్ వెనకా? అమ్మమ్మ ఎప్పుడూ బియ్యంలోనే దాచేది కదరా. నీకు తెలీదూ?"

నిజంగానే తెలీదు. క్యాలెండర్ సంగతి నేను కల్పించిందే, పజిల్ గేముల్లో అలాగే ఉంటుంది కాబట్టి.

ఐదు గంటల్లో పజిల్ మార్చడం తెలివితక్కువ పనే. అయినా మార్చా. డబ్బా నొక్కితే మూత తీస్తుంది, సోలతో మూడుసార్లు బియ్యం తోడితే చెవి బయటపడుతుంది. మరి మా ఇల్లు తెలియనివాళ్లకి బియ్యం డబ్బా ఎలా తడుతుంది? దీనికే గంట పట్టింది. చివరికి బీరువా తాళం రంధ్రం దగ్గర నాలుగు బియ్యపు గింజలు గీశా. మాటల్లో క్లూ ఏమీ ఇవ్వలేదు. క్యాలెండర్ కూడా తీసేయలేదు, వెనకాల ఉత్త గోడే ఉంటుంది.

గడువుకి పదకొండు నిమిషాల ముందు అప్‌లోడ్ అయ్యింది. బ్యాక్‌గ్రౌండ్ సౌండ్ పెట్టడానికి టైమ్ చాల్లేదు. రేటింగ్స్‌లో మధ్యలో ఎక్కడో ఉన్నా. 'గింజలు దుమ్మనుకున్నా, తర్వాత వెలిగింది' అని ఒకరు రాశారు. ఆ ఒక్క కామెంట్‌ని చాలాసార్లు చదువుకున్నా.

అమ్మ మూడోసారి నాలుగు నిమిషాల్లో బీరువా తెరిచేసింది. తర్వాత పెరట్లోకి వెళ్లి చాలాసేపు అక్కడే నొక్కుతూ కూర్చుందట.

"బావి బాగానే వేశావు గానీ, జామచెట్టు ఏదిరా?"

రేటింగ్ గడువు అయ్యేదాకా ఫైల్ మార్చకూడదని రూల్. వచ్చే శనివారంతో అది అయిపోతుంది. చెట్టు బావికి ఎటువైపు ఉండేదో అమ్మని అడిగి పెట్టుకున్నా.