నల్లని ఇసుకపై తెల్లని కొంగ

సూరత్ నగరానికి నైరుతి దిశలో సుమారు 20 కిలోమీటర్ల దూరాన ఉన్న డుమస్ తీరం నల్లని ఇసుకకు ప్రసిద్ధి. శీతకాలపు సెలవు దినాలలో కెమెరాలు తీసుకొని అక్కడికి వెళ్ళడం మా మిత్రబృందానికి అలవాటు. మొదటి ఏడాది మేము తీసిన ఛాయాచిత్రాలలో కొంగలు కత్తిరించి అతికించిన తెల్లకాగితాల వలె వచ్చాయి. ఈకల జాడయే లేదు. కారణం తెలిసిన నాడు, నిత్యం కొలతలతో పొద్దుపుచ్చే మాకు కొంత సిగ్గు కలిగింది. కెమెరాలోని కాంతిమాపకం ఎదుటి దృశ్యం సగటున బూడిద రంగులో ఉన్నదని భావిస్తుంది. ఫ్రేములో అధికభాగం నల్లని ఇసుకే కావడంతో వెలుగు చాలదని లెక్కించి, అదనపు కాంతిని లోనికి రానిస్తుంది. ఎక్స్‌పోజరును ఒక స్టాపు తగ్గించిన పిదపనే ఈకలు విడివిడిగా కనిపించాయి.

ఫోకస్ విషయం ఇంతకంటె సున్నితమైనది. 400 మి.మీ. లెన్సుతో, ఎఫ్/5.6 వద్ద, 10 మీటర్ల దూరానగల పక్షిని తీసినప్పుడు 35 మి.మీ. ఫ్రేములో స్పష్టంగా వచ్చే లోతు సుమారు 20 సెంటీమీటర్లు. 5 మీటర్ల దూరానికి అది 5 సెంటీమీటర్లకు పడిపోతుంది. ముక్కు మొనపై ఫోకస్ నిలిస్తే కన్ను మసకబారుతుంది. కన్ను మసకబారితే ఆ చిత్రం మరి ఎందుకూ కొరగాదు. అందుచేత ఫోకస్ బిందువును కంటిపైనే నిలుపుతాము.

నిలబడి తీస్తే పక్షి ఇసుకకు అతికించినట్లుంటుంది. బోర్లా పడుకొని దాని కంటి ఎత్తు నుండి చూస్తే వెనుక నీరు దూరమై మెత్తబడుతుంది. పక్షి చూపు సాగే వైపు కాస్త చోటు విడిస్తే చిత్రం ఊపిరి తీసుకుంటుంది. బట్టలకు అంటిన బురదను గూర్చి ఇంటివారి అభిప్రాయం వేరు!

ఖంభాత్ సింధుశాఖలో ఆటుపోట్ల తేడా చాలా ఎక్కువ. ఆటు సమయంలో నీరు బహుదూరం వెనుకకు పోతుంది. పక్షుల వెంట ఆ బురదలోకి నడవడం ప్రమాదకరం. పోటు వేళలు ముందే చూసుకొని ఒడ్డున కదలక కూర్చుంటే, పెరిగే నీరే పక్షులను మన దగ్గరకు తెస్తుంది.

ఒకనాడు మాలో ఒకరు ఓపిక పట్టలేక చప్పట్లు చరిచి ఉల్లంకి పిట్టల గుంపును లేపారు. ఎగిరే గుంపు చిత్రం చక్కగా కుదిరింది. కాని బురద మేటలు నీట మునిగేవరకు ఆ గుంపు తిరిగి వాలలేదు. వేల కిలోమీటర్లు ఎగిరివచ్చే ఆ వలస పిట్టలకు మేత దొరికేది ఆ కొద్ది గంటలే. ఆ చిత్రాన్ని మా ప్రదర్శనలో ఉంచాలా అని చాలాసేపు వాదించుకొని, చివరకు ఉంచలేదు. తీసిన మిత్రుడు ఈ విషయంలో ఇప్పటికీ మాతో ఏకీభవించరు.