బస్తా ఎత్తే బలం ఎక్కడిది?

కోతలయ్యాక చల్లపల్లి చుట్టుపక్కల ఏ కల్లం దగ్గరకు వెళ్లినా ధాన్యం బస్తాలు లారీకెత్తే కూలీలు కనిపిస్తారు. 75 కిలోల బస్తా ఒక్క ఊపుతో వీపు మీదికి వస్తుంది. ఈ బలం ఎక్కడిది? "తిన్న అన్నంలోది" అంటారు మీరు. నిజమే! కాని అన్నం తిన్నది ఉదయం, బస్తా ఎత్తింది మధ్యాహ్నం. ఎత్తుదామనుకున్న రెప్పపాటులోనే కండకు బలం అందించినదేమిటి?

ఈ ప్రశ్నకు జవాబు వెతికిన శాస్త్రజ్ఞులలో ఒకరు మన తెలుగువారే. పొరుగున ఉన్న భీమవరంలో 1895 జనవరి 12న జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. కండకు బలమెలా వస్తుందో, రక్తానికి ఎరుపెలా నిలుస్తుందో తెలుసుకోవడంలో ఈ రెండు చోట్లా ఆయన చేయి ఉంది. అదెలాగో చూద్దాం.

చేద లాగినట్టు

కండరాన్ని పోగు పోగుగా విడదీసుకుంటూ పోతే చివరకు రెండు రకాల సన్నని తంతువులు మిగులుతాయి. లావుపాటివి మయోసిన్, సన్నవి ఆక్టిన్. కండ బిగిసినప్పుడు ఈ తంతువులు కురచ కావు. ఒకదాని పక్కగా ఒకటి జారి లోపలికి చొచ్చుకుపోతాయంతే. ఈ సంగతిని 1954లో రెండు శాస్త్రజ్ఞుల బృందాలు వేర్వేరుగా ప్రకటించాయి.

నూతిలోంచి చేద లాగడం చూశారు కదా! ఒక చేత్తో తాడు లాగి, ఆ పట్టు వదిలి, చేయి ముందుకు చాచి మళ్లీ పట్టుకుంటాం. మయోసిన్ తంతువుకున్న చిన్న చిన్న తలలు ఆక్టిన్‌ను సరిగ్గా ఇలాగే లాగుతాయి. పట్టు వదిలి మళ్లీ పట్టాలంటే ఆ తలకు ప్రతిసారీ ఒక అణువు ఖర్చవుతుంది. దాని పేరు అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, పొట్టిగా ఎ.టి.పి. చచ్చిన చేప కొంతసేపటికి కొయ్యలా బిగుసుకుపోవడం మీరు చూసే ఉంటారు. దానిలో ఎ.టి.పి. అయిపోయింది. తలలు పట్టు వదలలేకపోయాయి!

ఆలస్యంగా వచ్చిన నీలిరంగు

మద్రాసులో వైద్యం చదివిన సుబ్బారావు ఆ తరువాత అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయానికి వెళ్లారు. అక్కడ సైరస్ ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి రక్తంలోనూ, మూత్రంలోనూ ఉన్న భాస్వరాన్ని కొలిచే పద్ధతిని కనిపెట్టి 1925లో ప్రకటించారు. నమూనాకు కొన్ని రసాయనాలు కలిపితే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ.

ఇదే పరీక్ష కండరపు రసానికి చేస్తే ఒక వింత కనిపించింది. రంగు వెంటనే రాలేదు. నెమ్మదిగా ముదురుతూ వచ్చింది. మరొకరైతే రసాయనాలు పాతబడ్డాయేమో అనుకుని ఊరుకునేవారు. వీరు ఊరుకోలేదు. ఏదో ఒక పదార్థం మెల్లగా విడిపోతూ భాస్వరాన్ని వదులుతూ ఉండాలని ఊహించారు. ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ఆ ఫలితాన్ని ప్రకటించారు. కండ పనిచేస్తే అది తరుగుతుంది, విశ్రాంతి ఇస్తే మళ్లీ పెరుగుతుంది. 1929లో వీరే కండరంలో ఎ.టి.పి.ని కూడా గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దానిని కనుగొన్నాడు.

అప్పటిదాకా కండను నడిపేది లాక్టిక్ ఆమ్లమని శాస్త్రలోకం నమ్మేది. ఆ ఆమ్లం పుట్టకుండా చేసినా కండ కొంతసేపు ముడుచుకోగలదని 1930లో డెన్మార్కుకు చెందిన లుండ్స్‌గార్డ్ చూపించాడు. దానితో ఆ నమ్మకం కూలిపోయింది.

ఇప్పుడు కబడ్డీ ఆటనే తీసుకోండి. కూతకెళ్లినవాడి కండలో సిద్ధంగా ఉన్న ఎ.టి.పి. రెండు మూడు సెకన్లకే సరిపోతుంది. ఫాస్ఫోక్రియాటిన్ తన భాస్వరాన్ని అప్పిచ్చి మరికొన్ని సెకన్లు నడుపుతుంది. ఆ తరువాత చక్కెరను విడగొట్టి ఎ.టి.పి. తయారు చేసుకోవాలి. గంటల తరబడి నాట్లు వేయాలన్నా, కోత కోయాలన్నా ప్రాణవాయువు అందుతూ ఉండాల్సిందే.

మోసేవాడు తినడు

ఒక చిన్న ప్రయోగం చేయండి. ఒక చేయి కిందికి వేలాడదీసి, రెండో చేయి తలపైకి ఎత్తి, రెండు పిడికిళ్లనూ ఒకేసారి గబగబా మూస్తూ తెరుస్తూ ఉండండి. ఏది ముందు అలసిపోయింది? పైకెత్తినదే. కండలు రెండింటా ఒకటే, కాని పైచేతికి రక్తం తక్కువగా అందింది.

రక్తంలో ప్రాణవాయువును మోసేవి ఎర్రకణాలు. ఒక ఘనపు మిల్లీమీటరు రక్తంలో ఇవి దాదాపు 50 లక్షలు! వీటిలో కేంద్రకం లేదు. ప్రాణవాయువును వాడుకునే మైటోకాండ్రియాలూ లేవు. అందుచేత తాము మోసే సరుకులో ఇవి రవ్వంత కూడా తినవు. ప్రాణవాయువు అక్కరలేని పద్ధతిలో చక్కెరను విడగొట్టుకుని, వచ్చిన కొద్దిపాటి ఎ.టి.పి.తోనే బతుకుతాయి. ఎర్రకణం ఆయువు సుమారు 120 రోజులు. పోయినవాటి స్థానం నింపడానికి ఎముకల మూలుగ సెకనుకు 20 లక్షలకు పైగా కొత్తవి తయారు చేస్తూ ఉండాలి.

ఇంత వేగంగా కణాలు విభజన చెందాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. సుబ్బారావు అన్న పురుషోత్తం స్ప్రూ అనే పేగుల వ్యాధితో మరణించారు. తిన్నది ఒంటికి పట్టనివ్వక రక్తాన్ని క్షీణింపజేసే జబ్బు అది. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే వైద్యురాలు బొంబాయిలో గర్భిణుల రక్తహీనత ఈస్టు సారంతో నయమవుతున్నదని గమనించింది. అందులోని మందు పదార్థమే ఫోలిక్ ఆమ్లం. సుబ్బారావు నాయకత్వంలో లెడర్లే ప్రయోగశాల శాస్త్రజ్ఞులు 1945లో దానిని కృత్రిమంగా తయారు చేశారు. స్ప్రూ రోగులకు అది ప్రాణం పోసింది. ఆయన మాత్రం 53 ఏళ్లకే, 1948 ఆగస్టులో కన్నుమూశారు.

మన సంగతి

ఫోలిక్ అన్న పేరు లాటిన్‌లో ఆకు అనే మాట నుండి వచ్చింది. తోటకూర, బచ్చలి, మినుములు, శనగలు దానికి పుట్టిళ్లు. ఎక్కువసేపు ఉడికించి నీళ్లు పారబోస్తే అది పోతుంది. ఎర్రకణంలోని హిమోగ్లోబిన్‌కు ఇనుము కూడా కావాలి. ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిన్ – వీటిలో ఏది తగ్గినా రక్తహీనత వస్తుంది.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15–49 ఏళ్ల స్త్రీలలో సగానికి మించి రక్తహీనత కనిపించింది. అంటే పచ్చని వరిచేలో నడుం వంచి నాట్లు వేసే వారిలోనూ ఎందరో ఉంటారు. మెట్లెక్కితే ఆయాసపడే మీ తరగతి అమ్మాయిని, పొలంలో తరచు గట్టెక్కి కూర్చునే కూలీ తల్లిని "బద్ధకం" అనకండి. లోపం ఆమె మనసులోనూ లేదు, కండలోనూ లేదు. కండకు సరుకు మోసే బండ్లు తక్కువయ్యాయి.

బడిలో వారానికొకసారి ఇచ్చే నీలిరంగు మాత్రలో ఉన్నవి ఇనుము, ఫోలిక్ ఆమ్లమే. వికారంగా ఉందని దానిని కిటికీలోంచి విసిరేసేవారున్నారు. పరగడుపున కాక అన్నం తిన్నాక వేసుకోండి, వికారం తగ్గుతుంది. వెంటనే టీ తాగకండి, అది ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. నిమ్మరసం పట్టేలా చేస్తుంది. పొలానికి చెప్పులు లేకుండా వెళితే కొంకిపురుగు పాదాల గుండా ప్రవేశించి పేగుల్లో చేరి రక్తం పీలుస్తుంది. అందుకే నులిపురుగుల మాత్ర కూడా మానకూడదు. అప్పటికీ నీరసం తగ్గకపోతే ఆరోగ్య కేంద్రంలో రక్తపరీక్ష చేయించుకోండి. వేలికొసన ఒక్క చుక్క చాలు.