మీ మాట కౌన్సెలరు ఇంకొకరితో ఎందుకు చర్చిస్తారు?



ఈ మధ్య ఒక తల్లి మా ఓ.పి. దగ్గర కోపంగానే అడిగింది. "తలుపు వేసుకుని చెప్పుకున్న మాటలు మీ కౌన్సెలరమ్మ వాళ్ల పెద్ద మేడమ్‌తో చర్చిస్తుందట. ఇంక ఊరంతా తెలిసినట్టే కదండీ?" ఆమె భయంలో తప్పేమీ లేదు. మన కోనసీమలో ఇంటిపేరు, లంక పేరు చెబితే చాలు, పంటు రేవు దాటేలోపు ఆ మనిషి ఎవరో తెలిసిపోతుంది. అందుకే ఈ సంచికలో ఆ చర్చ గురించి వివరంగా వ్రాస్తున్నాము. (కౌన్సెలరు అంటే మున్సిపాలిటీ వార్డు కౌన్సిలరు అనుకుని కుళాయి కోసం వచ్చినవారు కూడా ఉన్నారు. మేము చెప్పేది మనసు బాధ వినే కౌన్సెలరు గురించి.)

ఆ చర్చను సూపర్‌విజన్ అంటారు. ఆ మాట వినగానే మనకు రిజిస్టర్లు తనిఖీ చేసే సూపర్‌వైజరు గుర్తుకు వస్తారు. ఇది అది కాదు. మేము నర్సింగ్ విద్యార్థినులుగా ఉన్నప్పుడు మొదటి ఇంజక్షన్ వేసేటప్పుడు సిస్టరుగారు పక్కనే నిలబడేవారు. చేయి వణికితే పట్టుకునేవారు, మందు ఎక్కువ తీస్తే ఆపేవారు. కౌన్సెలింగ్‌లో అలా పక్కన నిలబడటానికి వీలు లేదు. గదిలో ఉండేది ఇద్దరే. ఇంజక్షన్ తప్పితే వాపు కనబడుతుంది. మాట తప్పితే ఏమీ కనబడదు, ఆ పేషెంటు మరుసటి వారం రాదు, అంతే. కాబట్టి జరిగిన సంభాషణను కౌన్సెలరు తరువాత అనుభవజ్ఞులైన ఒకరి ముందు పెట్టి, ఎక్కడ సరిగా విన్నాను, ఎక్కడ తొందరపడ్డాను అని చూసుకుంటారు.

ఒక సంగతి చెబుతాము. గుర్తు పట్టకుండా వివరాలు మార్చాము. అప్పులు పెరిగి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లాలని వీసా కోసం చూస్తున్న ఒక ఇల్లాలు నిద్ర పట్టడం లేదని వచ్చింది. మా కౌన్సెలరు వయసులో చిన్నది, మంచి మనసు గలది. మూడుసార్లు ఓపికగా మాట్లాడింది. నాలుగోసారి ఆ ఇల్లాలు రాలేదు. సూపర్‌విజన్‌లో పెద్ద మేడమ్ నోట్సు చదివించుకుని ఒకే ప్రశ్న వేశారు. "మూడుసార్లూ 'వెళ్లవద్దు, పిల్లలు దిక్కులేనివారౌతారు' అని నువ్వే చెప్పావు. ఆమె ఏమంటోంది?" కౌన్సెలరు దగ్గర జవాబు లేదు. కాసేపటికి కళ్లనీళ్లు పెట్టుకుంది. తన చిన్నతనంలో తల్లి గల్ఫ్‌లో ఉంటే అమ్మమ్మ దగ్గర పెరిగిన పిల్ల తను. ఎదుటి మనిషి కథలో తన కథే విన్నది.

ఇది నేరం కాదు. ఎంత చదివినవారికైనా జరుగుతుంది. అయితే ఒంటరిగా ఉంటే అది తనకు ఎప్పటికీ తెలిసేది కాదు. ఆమె ఫోన్ చేసి ఆ ఇల్లాలిని మళ్లీ రమ్మని అడిగింది. ఈసారి సలహా ఇవ్వలేదు, విన్నది. అప్పుడు గాని బయటపడలేదు, ఆ ఇల్లాలికి గల్ఫ్ వెళ్లినా వెళ్లకపోయినా ఒకటేనని, బతకాలనే లేదని. ఆ రోజే డాక్టరుగారికి చూపించాము, ఆమెను అడిగి తమ్ముడిని పిలిపించాము. ఆమె ఈరోజు మన మధ్యనే ఉంది. మూడుసార్లలో మేము అడగని ప్రశ్న అది అని తలుచుకుంటే మాకు ఇప్పటికీ గుండె దడ.

ఈ పద్ధతి కొత్తగా వచ్చింది కాదు. 1920లో బెర్లిన్‌లో మాక్స్ ఐటింగన్ తదితర వైద్యులు పెట్టిన చికిత్సాలయంలోనే, నేర్చుకునేవారు పెద్దల సూపర్‌విజన్‌లో పేషెంట్లను చూడాలని పెట్టారు. మన దేశంలో గోవాలో సంగత్ సంస్థవారు చేసినది మాకు ఇంకా దగ్గరగా అనిపిస్తుంది. మానసిక వైద్యంలో డిగ్రీలు లేని స్థానికులకు శిక్షణ ఇచ్చి, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవారితో మాట్లాడించారు. పేషెంటు అనుమతితో సంభాషణ రికార్డు చేసి, ఆ కౌన్సెలర్లు వారం వారం కలిసి కూర్చుని విని, ఒకరి పనికి ఒకరు మార్కులు వేసుకునేవారు. ఫలితాలు 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. మూడు నెలలకు వారి దగ్గర నూటికి 64 మంది తేరుకున్నారు, మామూలు వైద్యం మాత్రమే పొందినవారిలో 39 మంది. అదంతా సూపర్‌విజన్ వల్లనే అనలేము గాని, అది లేకుండా ఆ పని నడిచేది కాదని మా అభిప్రాయం. బ్రిటన్‌లో అక్కడి కౌన్సెలర్ల పెద్ద సంఘం నెలకు కనీసం గంటన్నర సూపర్‌విజన్ ఉండాలంటుంది. పాతిక ఏళ్ల అనుభవం ఉన్నవారికీ అదే నియమం.

ఇక రహస్యం మాట. ఆ చర్చలో పేరు, ఊరు, ఇంటిపేరు చెప్పరు. మన దగ్గర అది కూడా చాలదు. "రాజోలు వైపు, భర్త మస్కట్‌లో, బడిలో ఆయా" అంటే పేరు చెప్పినట్టే. అందుకని మా పెద్ద మేడమ్ ఈ జిల్లావారు కాకుండా చూసుకున్నాము. ఫోనులో మాట్లాడతారు, అప్పుడప్పుడు వస్తారు. ఆ గదిలోకి పాస్టరుగారు రారు, సంఘ పెద్దలు రారు, నర్సింగ్ సూపరింటెండెంటు కూడా రాదు. పైన చెప్పిన సంగతి ఆ కౌన్సెలరు, ఆ ఇల్లాలు ఇద్దరూ ఒప్పుకున్నాకనే వ్రాశాము. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ వైద్య విషయాలు గోప్యంగా ఉంచుకోవడం మీ హక్కు. వైద్యం కోసం ఇతర వైద్య సిబ్బందికి చెప్పవలసి రావడం, ప్రాణాపాయం తప్పించడం వంటి కొన్నింటికే మినహాయింపు ఉంది. మా దగ్గరైనా, ఇంకెక్కడైనా, కౌన్సెలరును ముందే అడగండి: మీ సూపర్‌వైజరు ఎవరు, నా గురించి ఏమి చెబుతారు, రికార్డు చేస్తారా? వద్దంటే రికార్డు చేయకూడదు. ఎవరూ లేరు, నాకు అవసరం లేదు అనేవారి దగ్గర మా వాళ్లనైతే మేము కూర్చోబెట్టము. రాత్రివేళ బాధ తట్టుకోలేకపోతే తెల్లారేవరకు ఆగవద్దు, ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఆ రోజు కోపంగా అడిగిన తల్లి తన గురించి ఏమి వ్రాశారో చూపించమంది. ఆమె పేజీ మాత్రమే తీసి చూపించాము. పేరు లేదు, ఊరు లేదు. ఒకచోట ఆమె చేసే పని వ్రాసి ఉంది. అదీ కొట్టేయమంది. ఆమె ముందే కొట్టేశాము. వచ్చే గురువారం మళ్లీ వస్తానంది.