తూలు నడక

త్రాగినవాడు తూలును. అంతమాత్రమున తూలువారందరును త్రాగినవారు కారు. వీధిలో కాళ్లు ఎడముగా వేయుచు, గోడ పట్టుకొని నడచు పెద్దవారిని చూచి పిల్లలు నవ్వుట మేము పలుమారులు చూచితిమి. అది తెలియనితనమే గాని దుర్బుద్ధి కాదని తలచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

తల వెనుకభాగమున, పెద్ద మెదడునకు దిగువను, చిన్న మెదడు గలదు. ఏ కండరము ఎప్పుడు, ఎంత కదలవలెనో సరిచూచుట దాని పని. అది గాని, దానికి వార్తలు చేర్చు నరములు గాని చెడినచో కలుగు స్థితికి అటాక్సియా యని పేరు. రోగికి బలముండును, పొందిక యుండదు. సాధారణముగా మొదట నడక తూలును. పిదప గుండీలు పెట్టుకొనుట, వ్రాయుట కష్టమగును. మాట ముద్దగా వచ్చును, మ్రింగునపుడు పొలమారును.

వైద్యులు ముందుగా వెదకునవి చికిత్సకు లొంగు కారణములు: బి12, ఇ విటమినుల కొరత, థైరాయిడ్ మాంద్యము, మద్యపానము, మూర్ఛకు వాడు ఫెనిటోయిన్ మోతాదు మించుట. రక్తపరీక్షలు, మెదడునకు ఎం.ఆర్.ఐ. చేయుదురు. ఇవి సకాలమున తెలిసినచో నడక కొంతయైనను చక్కబడవచ్చును. తూలు హఠాత్తుగా వచ్చినచో పక్షవాతము కావచ్చును గనుక క్షణమైనను ఆలస్యము కూడదు.

కొన్ని రకములు వంశమున వచ్చును. కంటి కదలిక మందగించు అట్టి యొక రకమును 1971లో బొంబాయి వైద్యులు వాడియా, స్వామి గార్లు తొమ్మిది కుటుంబములలో గుర్తించి లోకమునకు తెలిపిరి. ఇట్టి పెక్కు రకములలో తల్లికో తండ్రికో వ్యాధి యున్నచో ప్రతి బిడ్డకును సగము అవకాశము గలదు. జన్యుపరీక్ష దీనిని తేల్చును. కాని లక్షణములు లేనివారు పెద్దవారైన పిదప, నిపుణుల సలహా పొంది, తామై కోరినపుడే దానిని చేయించుకొనదగును.

వంశపు రకములలో చాలవానిని నయము చేయు మందు ఇంకను లేదు. అయినను చేయదగినది లేదనుట తప్పు. నిత్యవ్యాయామము, మాటకును మ్రింగుటకును తగిన శిక్షణ, స్నానపుగదిలో పట్టుకమ్మీ, చేతికర్ర, ఇవి పడిపోకుండ కాపాడి బ్రతుకు నిలబెట్టును. 1974లో మన నగరమున ఏర్పడిన నిమ్హాన్స్‌లో పరీక్షయు, పునరావాస చికిత్సయు రెండును గలవు.

విద్యార్థులారా, తెలుగు తప్ప వేరెరుగని అవ్వ వెంట ఆసుపత్రికి పోవు దుబాసి మీలో ఒకరే కావచ్చును. “తల తిరుగుచున్నది” యనుట వేరు. “తల బాగుగనే యున్నది, కాళ్లు తూలుచున్నవి” యనుట వేరు. రెండింటిని “తలె సుత్తు” అని ఒక్క కన్నడపు మాటతో ముగించినచో, చిన్న మెదడును విచారింపవలసిన వైద్యుడు చెవిని విచారించును. ఎప్పటినుండి కలదు, ఇంట మరెవరికైన నున్నదా, ఏ మందులు వాడుచున్నారు, ఈ మూడును అవ్వ నడిగి, ఆమె చెప్పినది చెప్పినట్లే వినిపింపుడు. మీ రెండు భాషల చదువు ఆనాడు ఆమెకు ఊతకర్ర యగును.